పొలిమేర దాటి వచ్చిన రాళ్లు: సూర్యుడి దగ్గర ఏది ఉండిపోతుంది, ఏది వెళ్లిపోతుంది, ఎందుకు?

అరసవల్లిలో ఏటా మార్చిలో ఒకసారి, అక్టోబరు మొదట్లో ఒకసారి తొలి పొద్దు కిరణాలు నేరుగా గర్భగుడిలోకి వచ్చి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి. మబ్బు పట్టి జనం నిరాశపడొచ్చు కానీ తేదీలు మాత్రం తప్పవు. గుడి కట్టినవారి కొలత అంత గట్టిది. దాని వెనకున్న భూమి దారీ అంత గట్టిదే. ఏడాది తిరిగేసరికి భూమి మళ్లీ అదే చోటికి వస్తుంది, ఎందుకంటే దాని దారి మూసిన దారి. హేలీ తోకచుక్కదీ అలాంటిదే, కాకపోతే చుట్టు పెద్దది. 1986లో వచ్చింది, మళ్లీ 2061లో వస్తుంది.

2025 జులైలో కనిపించిన 3ఐ/అట్లాస్ అనే తోకచుక్క వేరే నక్షత్రం దగ్గర పుట్టి వచ్చినది, దాని దారి ఇలాంటిది కాదు. అది ఒకే ఒక్కసారి వచ్చింది, ఇక రాదు. ఆ ఏడాది చివరి నెలల్లో శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి విజయనగరం కోట జంక్షన్ దాకా ఎవరి ఫోను చూసినా దాని గురించే: అంతరిక్ష నౌక అని ఒకరు, భూమికి గండం అని ఇంకొకరు, గురుగ్రహం దాన్ని పట్టేసుకుంటుందని మరొకరు. ఈ మాటల్లో ఏది ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. ఒక్క లెక్క చాలు, ఆ రాయి దగ్గర ఎంత వేగం మిగిలి ఉంది అన్నది.

మూకుడూ గోళీ

ఒక మూకుడు తీసుకుని అంచుకు కాస్త కింద నుంచి గోళీని వదలండి, రాపిడి లేదనుకుందాం. లోపలికి దొర్లుతుంది, అడుగున వేగం అందుకుంటుంది, అవతలి గోడ ఎక్కుతుంది, వదిలిన ఎత్తు దాకా వెళ్లి వెనక్కి వస్తుంది. కిందికి దొర్లినప్పుడు ఎంత వేగం సంపాదించిందో పైకెక్కేటప్పుడు అంతా ఖర్చయిపోయింది. మూకుడు దాటడానికి చేతిలో ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు అదే గోళీని బయట నుంచి వేళ్లతో బలంగా కొట్టి మూకుట్లోకి పంపండి. అడుగున ఇంకా వేగంగా పోతుంది, అవతలి గోడ ఎక్కుతుంది, అంచు దాటి బయట పడుతుంది. బయట పడ్డాక దాని దగ్గర ఉండే వేగం మీరు మొదట కొట్టిన దెబ్బ వేగమే. మూకుడు దానికి ఏమీ ఇవ్వలేదు, దాని నుంచి ఏమీ తీసుకోలేదు, దారి మాత్రం కాస్త వంచింది.

సూర్యుడి ఆకర్షణ కూడా ఇలాంటి మూకుడే. గ్రహాలు, గ్రహశకలాలు, తోకచుక్కలు అందులో దొర్లే గోళీలు, వాటి దారులు దీర్ఘవృత్తాలు. బయట నుంచి దెబ్బతో వచ్చిన రాయి దారి అతిపరావలయం, అంటే రెండు కొసలూ తెరిచి ఉన్న వంపు. రెండింటికీ నడుమ, సరిగ్గా అంచు దాకా వచ్చి ఆగే దారిని పరావలయం అంటారు. నక్షత్రాంతర వస్తువు అనే పెద్ద మాటకు అర్థం ఇంతే: సూర్యుడికి కట్టుబడకుండా, వేరే నక్షత్రం దగ్గర పుట్టి, మిగులు వేగంతో వచ్చి పోయే రాయో మంచుముద్దో.

మిగులు వేగం లెక్క

ఇంటర్మీడియట్ ఫిజిక్సులో పలాయన వేగం అని చదువుకున్నాం. భూమి నేల మీద నుంచి అది సెకనుకు 11.2 కి.మీ. సూర్యుడి నుంచి తప్పించుకోవడానికి కూడా అలాంటి వేగం ఒకటి ఉంటుంది. భూమి ఉన్న దూరంలో, అంటే సుమారు 15 కోట్ల కి.మీ. దగ్గర, అది సెకనుకు 42.1 కి.మీ. ఈ దూరాన్నే ఒక ఖగోళ యూనిట్ అంటారు. సూర్యుడికి దగ్గరయ్యే కొద్దీ పలాయన వేగం పెరుగుతుంది, దూరమయ్యే కొద్దీ తగ్గుతుంది. కావలసిన చోట ఎంతో తెలియాలంటే ఆ దూరాన్ని ఖగోళ యూనిట్లలో రాసి, దాని వర్గమూలంతో 42.1ని భాగిస్తే సరి.

మిగులు వేగం అంటే రాయి సూర్యుడికి ఎంతో దూరంగా, ఆకర్షణ దాదాపు సున్నా అయిన చోట కూడా దాని దగ్గర ఉండే వేగం. ఈ రెండింటికీ ఉన్న లంకె చిన్నదే: రాయి ఒక చోట పోయే వేగం వర్గం, మిగులు వేగం వర్గానికీ అక్కడి పలాయన వేగం వర్గానికీ మొత్తం.

3ఐకి వేసి చూద్దాం. దాని మిగులు వేగం సెకనుకు సుమారు 58 కి.మీ. సూర్యుడికి అత్యంత దగ్గరగా వచ్చిన చోటు, అంటే పరిహేళి, 1.36 ఖగోళ యూనిట్లు. అక్కడ పలాయన వేగం 42.1 ÷ 1.166 = 36.1. రెండింటి వర్గాలు 3,364, 1,303. మొత్తం 4,667. వర్గమూలం 68.3. 2025 అక్టోబరు 29న పరిహేళి దగ్గర అది పోయిన వేగం సెకనుకు సుమారు 68 కి.మీ. అని పరిశీలకులు చెప్పింది ఇదే.

58 అన్న అంకె ఎంతటిదో తెలియాలంటే, శ్రీకాకుళం నుంచి విజయనగరానికి రోడ్డు వంపులు వదిలేసి నేరుగా గీత గీస్తే దాదాపు అంతే దూరం. ఒక్క సెకనులో దాటేస్తుంది.

ఇంత వేగమూ ఆకాశం ముందు నత్తనడకే అనేది ఇక్కడే చెప్పుకోవాలి. భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని ఒక మీటరుగా కుదిస్తే నెప్ట్యూన్ 30 మీటర్ల దూరంలో ఉంటుంది. మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సుమారు 268 కి.మీ. అవతల. అంటే ఆమదాలవలసలో రైలెక్కితే సామర్లకోట దాటాక. ఈ కొలతలో 3ఐ నెలకు ఒక మీటరు కదులుతుంది. ప్రాక్సిమా అంత దూరం దాటడానికి దాదాపు 22 వేల ఏళ్లు పడుతుంది. అందుకే ఇది ఫలానా నక్షత్రం దగ్గర నుంచే వచ్చిందని వేలు పెట్టి చూపించడం సాధ్యం కాలేదు. అది ప్రయాణించిన కాలంలో నక్షత్రాలే చోట్లు మారిపోయాయి.

ఉత్కేంద్రత: ఒక్క అంకెలో దారి రూపం

వార్తల్లో తరచు కనిపించే ఇంకో మాట ఉత్కేంద్రత. సున్నా అయితే పూర్తి వృత్తం, ఒకటి కన్నా తక్కువైతే మూసిన దారి, ఒకటి దాటితే తెరిచిన దారి. మిగులు వేగం తెలిస్తే దీన్నీ చేత్తో కట్టొచ్చు: ఖగోళ యూనిట్లలో రాసిన పరిహేళి దూరాన్ని మిగులు వేగం వర్గంతో గుణించి, 887తో భాగించి, ఒకటి కలపాలి. ఆ 887 సూర్యుడి బరువు నుంచి వచ్చిన స్థిరాంకం. ఇప్పటిదాకా తెలిసిన మూడు నక్షత్రాంతర వస్తువులకూ, అంటే 2017లో దొరికిన ఔమువామువాకు, 2019లో దొరికిన బోరిసోవ్‌కు, 3ఐకి వేసి చూద్దాం.

1ఐ/ఔమువామువా: 0.255 × 26.3 వర్గం ÷ 887 + 1 = 1.20.
2ఐ/బోరిసోవ్: 2.006 × 32.3 వర్గం ÷ 887 + 1 = 3.36.
3ఐ/అట్లాస్: 1.36 × 58 వర్గం ÷ 887 + 1 = 6.16. కచ్చితమైన కొలతల్లో ఇది 6.14.

ఉత్కేంద్రత పెరిగే కొద్దీ దారి వంపు తగ్గుతుంది. ఔమువామువా సూర్యుడికి బాగా దగ్గరగా వెళ్లడం వల్ల దాని దారి 113 డిగ్రీలు తిరిగిపోయింది, దాదాపు వచ్చిన వైపే మళ్లినట్టు. బోరిసోవ్ 35 డిగ్రీలు తిరిగింది. 3ఐ 19 డిగ్రీలు కూడా తిరగలేదు.

ఒకటి దాటిందంటే చాలు, పరాయిదే అనుకోవడం ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. 1980లో దొరికిన బోవెల్ తోకచుక్క ఉత్కేంద్రత చివరికి 1.057కు చేరింది. అది మన సొంత తోకచుక్కే. ఆ ఏడాది డిసెంబరులో గురుగ్రహానికి దగ్గరగా వెళ్లి, దాని ఊపు అందుకుని, సూర్యుడి పొలిమేర దాటే దారి పట్టింది. ఎక్కడో వేరే నక్షత్రం దగ్గర దాన్ని చూసేవాళ్లు ఉంటే వాళ్లకు అది నక్షత్రాంతర వస్తువు అవుతుంది. 2024 అక్టోబరులో సాయంత్రం పడమట కంటికి కనిపించిన షుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క ఉత్కేంద్రత కూడా ఒకటి కన్నా రవ్వంత ఎక్కువే. అదీ మనదే, దూరాన మంచుముద్దల గూడైన ఊర్ట్ మేఘం నుంచి వచ్చింది.

కాబట్టి చూడాల్సింది రాయి లోపలికి వస్తున్నప్పటి దారిని. గ్రహాలు దాన్ని తాకకముందే ఒకటి కన్నా బాగా ఎక్కువ ఉందా అన్నదే ప్రశ్న. ఇంకో చిక్కు పరిశీలన రోజులది. కొత్తగా కనిపించిన చుక్కను రెండు మూడు రాత్రులు మాత్రమే చూసి కట్టిన దారిలో తప్పు చాలా ఉంటుంది. పెద్ద వృత్తంలో చిన్న ముక్క చూసి మొత్తం వృత్తం గీయమన్నట్టు. అందుకే పాత ఫొటోల్లో అదే చుక్క పడిందేమోనని వెనక్కి వెతుకుతారు. 3ఐని చిలీలోని అట్లాస్ టెలిస్కోపు 2025 జులై 1న పట్టుకుంది. వెనక్కి వెతికితే జూన్ 14 నాటి ఫొటోల్లోనూ ఉంది. దాంతో దారి పొడుగు పెరిగింది, ఒక రోజు తిరక్కుండానే పరాయిదని తేలిపోయింది. ఆరు దాటిన ఉత్కేంద్రతను గురుగ్రహమూ ఇవ్వలేదు, కొలత తప్పూ ఇవ్వలేదు.

పేరులోని ఐ అక్షరం నక్షత్రాంతరానికి గుర్తు, ముందున్న అంకె వరస సంఖ్య. ఔమువామువాను మొదట తోకచుక్కల జాబితాలో, తర్వాత గ్రహశకలాల జాబితాలో వేసి, చివరికి ఈ కొత్త వరస మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఔమువామువా దగ్గర తగాదా

2017 అక్టోబరు 19న హవాయిలోని పాన్‌స్టార్స్ టెలిస్కోపు ఫొటోల్లో రాబర్ట్ వెరిక్ దాన్ని గుర్తించారు. అప్పటికే అది సూర్యుణ్ని చుట్టి 40 రోజులైంది, భూమికి అతి దగ్గరి చోటూ దాటేసింది. పరిశీలనకు దొరికింది రెండున్నర నెలలే. 2018 జనవరి తర్వాత ఏ టెలిస్కోపుకూ అందలేదు. వివాదానికి సగం కారణం ఈ తక్కువ సమయమే.

దాని వెలుగు కొద్ది గంటల్లోనే పది రెట్లు హెచ్చుతగ్గులయింది. అంటే బాగా పొడవుగానో, పలకలా చప్పగానో ఉండి దొర్లుతోందన్నమాట. తోక లేదు, చుట్టూ దుమ్ము లేదు. అయినా దాని దారి సూర్యుడి ఆకర్షణ ఒక్కదానితో సరిపోలేదు. రవ్వంత తోపు అదనంగా ఉంది. ఎంతంటే, సూర్యుడు లాగే లాగులో వెయ్యో వంతు కన్నా తక్కువ. తోకచుక్కల్లో ఇది మామూలే: మంచు ఆవిరై చిమ్మితే రాకెట్‌లా ఎదురు తోపు పడుతుంది. కానీ ఇక్కడ చిమ్మిన ఆవిరే కనిపించలేదు.

దీనికి నాలుగు వివరణలు బలంగా వచ్చాయి. గడ్డకట్టిన హైడ్రోజన్ ముద్ద అన్నారు కొందరు. హైడ్రోజన్ ఆవిరి మన పరికరాలకు కనపడదు కనుక సరిపోతుంది, కానీ అంత సున్నితమైన మంచు కోట్ల ఏళ్ల ప్రయాణంలో ఎలా మిగిలిందన్నది ప్రశ్న. ప్లూటో లాంటి గ్రహం మీద నుంచి ఊడిన నైట్రోజన్ మంచు పెళ్ల అన్నారు ఇంకొందరు. అలాంటి పెళ్లలు అన్ని పుట్టాలంటే కావలసిన సరుకు మరీ ఎక్కువని దానికి ఎదురు లెక్క. హార్వర్డ్‌కు చెందిన ఖగోళశాస్త్రవేత్త అవీ లోబ్, ఆయన సహచరుడు 2018లో వెలుగు తోపుతో కదిలే పలచటి తెర కావచ్చని, అంటే ఎవరో చేసింది కావచ్చని రాశారు. తోపు దిశ దానికి సరిపోతుంది. పల్చటి తెర తప్ప అలాంటి తోపు ఇంకేదీ ఇవ్వలేదని నిరూపణ కాలేదు, దాని నుంచి రేడియో సంకేతమూ అందలేదు. 2023లో వచ్చిన వివరణ మాత్రం కొత్త పదార్థమేదీ అడగదు: విశ్వకిరణాలు తగిలి మామూలు నీటి మంచులోనే హైడ్రోజన్ పుట్టి, లోపల చిక్కుకుని, సూర్యుడి వేడికి బయటపడింది. మామూలు సరుకుతో సరిపోయే వివరణకే ఎక్కువమంది శాస్త్రవేత్తలు మొగ్గుతున్నారు. రాయి చేతికి అందనంత కాలం ఏ పక్షమూ పూర్తిగా గెలవదు.

బోరిసోవ్‌తో ఈ పేచీ లేదు. 2019 ఆగస్టు 30న క్రిమియాలో గెన్నాడి బోరిసోవ్ తాను సొంతంగా తయారుచేసుకున్న 65 సెంటీమీటర్ల టెలిస్కోపుతో పట్టుకున్నారు. తోక, దుమ్ము అన్నీ ఉన్న తోకచుక్క. మన తోకచుక్కల కన్నా కార్బన్ మోనాక్సైడ్ బాగా ఎక్కువ, అంతే తేడా.

3ఐ మీద పుట్టిన మాటలు, వాటి లెక్కలు

ముందు గండం సంగతి. భూమికి అది అత్యంత దగ్గరగా వచ్చింది 2025 డిసెంబరు 19న, సుమారు 27 కోట్ల కి.మీ. దూరానికి. సూర్యుడి కన్నా 1.8 రెట్లు దూరం. దగ్గర అన్న మాటకు పత్రికలో ఒక అర్థం, ఖగోళశాస్త్రంలో ఇంకో అర్థం.

సూర్యుడి వైపుకు తోక ఉందన్నది నిజమే. జులైలో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన ఫొటోలో దుమ్ము సూర్యుడి వైపు ఎగజిమ్మి ఉంది. ఎండ తగిలిన వైపే మంచు ఆవిరవుతుంది, కనుక దుమ్ము అటే లేస్తుంది. సన్నటి దుమ్మును ఎండ ఒత్తిడి వెంటనే వెనక్కి నెట్టి తోక చేస్తుంది, ముతక రేణువులు అంత తేలిగ్గా మళ్లవు. కళ్లంలో ధాన్యం తూర్పార పట్టేటప్పుడు పొట్టు గాలికి పోయి గింజ దగ్గరే పడుతుంది కదా, అదే సూత్రం.

రేడియో సంకేతం అన్నది ఇంకా తమాషా. దక్షిణాఫ్రికాలోని మీర్‌కాట్ రేడియో టెలిస్కోపు 2025 అక్టోబరులో దాని నుంచి హైడ్రాక్సిల్ గుర్తును పట్టుకుంది. అది నీటి అణువు ఎండకు విరిగితే మిగిలే ముక్క. 1665, 1667 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో వెలుగును పీల్చుకుంటుంది, మన తోకచుక్కల్లోనూ కనిపించేదే. రేడియో అన్న మాట వినగానే ఎవరో మాట్లాడుతున్నారనుకుంటే, ఎండలో ఆరేసిన బట్టల నుంచి లేచే ఆవిరిని పొగ సంకేతం అనుకున్నట్టే.

ఇది మామూలు తోకచుక్కే అనేవాళ్లు కూడా ఒప్పుకునే వింతలు ఉన్నాయి. జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఆగస్టులో చూసినప్పుడు నీటి ఆవిరి కన్నా కార్బన్ డయాక్సైడ్ దాదాపు ఎనిమిది రెట్లు ఉంది. మన తోకచుక్కల్లో ఇది చాలా అరుదు. మొదట ఇనుము లేకుండా నికెల్ ఆవిరి ఒక్కటే కనిపించింది, దీన్నే లోబ్ కృత్రిమతకు ఒక సూచనగా చూపించారు. సూర్యుడికి దగ్గరయ్యాక ఇనుమూ కనిపించింది. గ్రహాలు తిరిగే తలానికి దాని దారి దాదాపు ఒదిగి ఉండి, దిశ మాత్రం ఎదురుగా ఉండడం ఇంకో వింత. యాదృచ్ఛికం అనుకుంటే అరుదైనదే, కానీ మూడు వస్తువులు మాత్రమే తెలిసినప్పుడు ఏది అరుదో చెప్పడం కష్టం. దొరికిన మొదటి మూడు చేపల్ని చూసి కళింగపట్నం సముద్రంలో ఏ చేప అరుదో చెప్పగలమా?

దాని వేగం మాత్రం ఒక విషయం చెబుతుంది. నక్షత్రాలు, వాటి మధ్య తిరిగే రాళ్లు పాలపుంతలో తిరుగుతూ మేఘాలకూ ఇతర నక్షత్రాలకూ దగ్గరగా పోయినప్పుడల్లా కాస్త కాస్త తోపు తింటాయి. వయసు పెరిగే కొద్దీ ఆ తోపులు పేరుకుని వేగం హెచ్చుతుంది. ఈ లెక్కన 58 కి.మీ. ఉన్న 3ఐ సూర్యుడి కన్నా, అంటే 460 కోట్ల ఏళ్ల కన్నా, పాతది కావడానికే అవకాశం ఎక్కువ. ఇది సంభావ్యత లెక్కే, జన్మపత్రిక కాదు.

పట్టుబడటం ఎందుకంత కష్టం

మూకుడు దగ్గరికి మళ్లీ వద్దాం. బయట నుంచి వచ్చిన గోళీ లోపలే ఉండిపోవాలంటే దాని మిగులు వేగం ఎవరో తీసుకోవాలి. మట్టి మూకుట్లో ఆ పని రాపిడి చేస్తుంది. అంతరిక్షంలో రాపిడి లేదు. సూర్యుడూ రాయీ ఇద్దరే ఉంటే పట్టుబడటం అసాధ్యం, ఎంత వేగంతో వచ్చిందో అంత వేగంతోనూ పోతుంది. కాబట్టి మూడోది కావాలి. అంత బలం ఉన్నది గురుగ్రహానికే.

గ్రహం వేగాన్ని ఎలా తీసుకుంటుందో ఆమదాలవలస స్టేషన్లో చూద్దాం. మనకు దూరంగా గంటకు 30 కి.మీ. వేగంతో పోతున్న రైలు వెనక పెట్టెను గంటకు 80 కి.మీ. వేగంతో బంతి పెట్టి కొట్టామనుకుందాం. రైలు నుంచి చూస్తే బంతి 50తో వచ్చి 50తో వెనక్కి తుళ్లుతుంది. ప్లాట్‌ఫారం మీద నుంచి చూస్తే వెనక్కి వచ్చే వేగం 50 - 30 = 20. 80 పోయి 20 మిగిలింది, 60 తగ్గింది. అది రైలు వేగానికి సరిగ్గా రెట్టింపు. అంతకు మించి తగ్గించడం ఆ రైలు వల్ల కాదు. ఎదురుగా వస్తున్న రైలును కొడితే ఇదే లెక్క తిరగబడి వేగం పెరుగుతుంది.

గురుగ్రహం సూర్యుడి చుట్టూ సెకనుకు 13.06 కి.మీ. వేగంతో తిరుగుతుంది. రాయి దాని ముందు వైపు నుంచి దాటితే వేగం పోగొట్టుకుంటుంది, వెనక వైపు నుంచి దాటితే అందుకుంటుంది. వాయేజర్ నౌకలను ముందుకు విసిరింది ఈ రెండో రకమే. ఏ రకమైనా మార్పు 26.1 కి.మీ. మించదు.

గురుగ్రహం ఉన్న దూరంలో సూర్యుడి నుంచి పలాయన వేగం సెకనుకు 18.5 కి.మీ. రాయి వేగం అంతకన్నా తగ్గితేనే అది కట్టుబడుతుంది. ఇప్పుడు నాలుగు రాళ్లను పంపి చూద్దాం.

3ఐ అక్కడికి చేరేసరికి వేగం 60.9. పట్టుబడాలంటే 42.4 పోవాలి. గురుగ్రహం తీయగలిగింది 26.1. కాబట్టి ఎంత దగ్గరగా వెళ్లినా, ఏ కోణంలో వెళ్లినా గురుగ్రహం దాన్ని సౌరకుటుంబంలో నిలపలేదు. చర్చకు తావు లేని చోటు ఇది.

బోరిసోవ్‌కు 18.7 పోవాలి, ఔమువామువాకు 13.7 పోవాలి. కాగితం మీద వీలున్నవే. కానీ అంత తగ్గాలంటే దారి పెద్ద కోణంలో వంగాలి, దానికి గురుగ్రహం మబ్బులను దాదాపు రాసుకుంటూ, సరైన వైపు నుంచి పోవాలి. ఉంగరం లోంచి బాణం వేసినట్టు.

నాలుగోది ఊహించిన రాయి, మిగులు వేగం సెకనుకు ఒక్క కి.మీ. మాత్రమే. దానికి తగ్గాల్సింది సెకనుకు 30 మీటర్ల లోపు. గురుగ్రహం పక్కన దూరంగా పోయినా ఆ మాత్రం తగ్గుతుంది. అంటే పట్టుబడేవి నెమ్మదిగా వచ్చేవే. కానీ అలాంటివి అరుదు, ఎందుకంటే మన సూర్యుడే చుట్టుపక్కల నక్షత్రాల మధ్య సెకనుకు సుమారు 20 కి.మీ. వేగంతో అభిజిత్ నక్షత్రం ఉన్న వైపు కదులుతున్నాడు. ఔమువామువా కూడా దాదాపు అటు నుంచే వచ్చింది. వానలో బండి మీద పోతే చినుకులు ముఖానికే తగులుతాయి కదా.

సూర్యుడు పుట్టిన కొత్తలో పరిస్థితి వేరు. అప్పుడు ఒకే మేఘంలో పుట్టిన నక్షత్రాల గుంపులో ఉన్నాడు. తోబుట్టువుల మధ్య సాపేక్ష వేగం సెకనుకు ఒక కి.మీ. చుట్టుపక్కలే. అప్పట్లో ఒకరి మంచుముద్దలు ఒకరు లాక్కోవడం తేలిక. ఊర్ట్ మేఘంలో కొంత భాగం అలా వచ్చిన పరాయి సొత్తే కావచ్చని ఒక వాదన. దాన్ని రుజువు చేయడానికి మిగులు వేగం పనికిరాదు, ఆ లెక్క ఎప్పుడో కొట్టేసి ఉంటుంది. లోపలి పదార్థమే చెప్పాలి.

ఇంకో మెలిక ఉంది. గురుగ్రహం పట్టిన రాయి దారి మళ్లీ గురుగ్రహం దారినే తాకుతూ ఉంటుంది. పట్టిన చెయ్యే మరో చుట్టులో విసిరేయొచ్చు. చాలావరకు అదే జరుగుతుంది.

పట్టుబడ్డాయని చెప్పుకునేవి

2015 బీజడ్509 అనే గ్రహశకలం ఉంది, హవాయి పేరు కయెపావొకావెలా. గురుగ్రహం దారిలోనే, ఎదురు దిశలో తిరుగుతుంది, అయినా ఢీకొనదు. ఖగోళశాస్త్రవేత్తలు ఫాతీ నమూనీ, హెలెనా మొరైస్ 2018లో కంప్యూటర్లో దాని దారికి రవ్వంత తేడాలున్న నకళ్లు చేసి, వాటిని 450 కోట్ల ఏళ్లు వెనక్కి నడిపి చూసి, మొదటి నుంచీ ఇలాగే తిరిగే అవకాశం ఉంది కనుక బయట నుంచి వచ్చిందే అన్నారు. ఎదుటి పక్షం చెప్పేదేమిటంటే, ఇలాంటి దారులు గందరగోళపు దారులు. మొదట్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా కోట్ల ఏళ్లలో ఫలితం ఎటో పోతుంది. నడిపిన నకళ్లలో ఎక్కువ భాగం నిలవలేదు, నిలిచిన కొన్నింటిని పట్టుకుని తీర్పు చెప్పకూడదు, ఊర్ట్ మేఘం నుంచి వచ్చిన ముద్ద కూడా ఇలా తిరగగలదు అని. నాకైతే రెండో వాదనే బరువుగా కనిపిస్తుంది.

2024 చివర్లో భూమికి రెండో చంద్రుడు అని వార్త వచ్చింది గుర్తుందా? 2024 పీటీ5 అనే ఆ చిన్న రాయికీ దీనికీ సంబంధం లేదు. అది ముందు నుంచీ సూర్యుడికి కట్టుబడినదే, కొన్నాళ్లు భూమి పక్కన నడిచింది, అంతే.

నేల మీద పడినదానిపై కూడా ఒక దావా ఉంది. 2014 జనవరి 8న పాపువా న్యూగినీ దగ్గర రాలిన ఉల్క నక్షత్రాంతరమని లోబ్, ఆయన సహచరుడు సిరాజ్ అన్నారు. అమెరికా రక్షణ ఉపగ్రహాల కొలతే దానికి ఆధారం. ఆ పరికరాల్లో తప్పు ఎంత ఉండొచ్చో బయటపెట్టరు. వేగం కొలతలో తప్పు కాస్త పెద్దదైతే మామూలు ఉల్క కూడా పరాయిదిగా కనిపిస్తుంది. పైన చెప్పిన చిన్నముక్క వృత్తం చిక్కే ఇది. దాని ముక్కల కోసం సముద్రం అడుగున ఎక్కడ వెతకాలో చెప్పిన భూకంప నమోదు ఒక లారీ కదలికే కావచ్చని 2024లో ఇంకొక బృందం చూపించింది.

ఎన్ని ఉంటాయి, ఎలా దొరుకుతాయి

ఔమువామువా అంత చిన్నది ఒక్కటి దొరకడాన్ని బట్టి, ప్రతి పది ఘనపు ఖగోళ యూనిట్లకు ఒకటి చొప్పున ఉండొచ్చని లెక్క కట్టారు. నెప్ట్యూన్ దాకా ఉన్న గోళం సుమారు 1,13,000 ఘనపు యూనిట్లు. అంటే ఈ క్షణంలో అందులో పదకొండు వేలదాకా ఉండాలి. ఒక్క వస్తువు మీద నిలబెట్టిన అంకె కాబట్టి పది రెట్లు అటూ ఇటూ కావచ్చు. చిన్నవి, మసకవి, వేగంగా పోయేవి కాబట్టి దొరకవు. చిలీలో 8.4 మీటర్ల అద్దంతో 2025లో కళ్లు తెరిచిన వేరా రూబిన్ అబ్జర్వేటరీ ఆ మసకవాటినే పడుతుందని ఆశ.

వెంబడించి పట్టుకోవడం కుదరదు: వాయేజర్-1 వేగం సెకనుకు 17 కి.మీ. మాత్రమే. అందుకే యూరోపియన్ అంతరిక్ష సంస్థ తలపెట్టిన కామెట్ ఇంటర్‌సెప్టర్ నౌక ముందుగానే వెళ్లి, భూమికి 15 లక్షల కి.మీ. అవతల కాచుకుని కూర్చుంటుంది.

ఇక మన ఆకాశం సంగతి. 3ఐ ఎప్పుడూ కంటికి కనిపించే వెలుగుకు రాలేదు. పరిహేళి సమయంలో సూర్యుడి అవతల ఉండిపోయింది. నవంబరు, డిసెంబరు నెలల్లో తెల్లవారుజామున కన్యారాశి నుంచి సింహరాశిలోకి జరిగింది. డిసెంబరులో మఘ నక్షత్రం దగ్గర ఉంది. బారువ తీరంలోనో సాలూరు కొండల పక్కనో, కరెంటు దీపాలు లేని చోట ఎనిమిది అంగుళాల టెలిస్కోపు పెడితే బూడిద మరకలా కనిపించే వెలుగు అది. ఊరి మధ్య మేడ మీద కష్టం. మన దేశంలో మౌంట్ అబూలోని 1.2 మీటర్ల టెలిస్కోపుతో నవంబరులో దాన్ని పరిశీలించారు.

గురుగ్రహానికి అది అత్యంత దగ్గరగా ఉండే తేదీ 2026 మార్చి 16, దూరం సుమారు 5.4 కోట్ల కి.మీ. సూర్యుడి లాగు కన్నా గురుగ్రహం మాటే ఎక్కువ చెల్లే పరిధికి దాదాపు అంచు అది. పట్టేసుకుంటుందన్న పుకారు పుట్టింది ఇక్కడే. అంత దూరం నుంచి గురుగ్రహం దాని దారిని డిగ్రీలో చిన్న వంతు వంచగలదు, అంతే. అక్కడి నుంచి మిథునరాశి వైపు, వచ్చినప్పటి 58 కి.మీ. వేగానికే మళ్లీ చేరుకుంటూ పోతుంది.